మార్పుల శాతం

మా అక్క పద్దెనిమిదేళ్లుగా మందుల కాగితాలు తెలుగులో రాస్తోంది. మందు పెట్టె తెరవగానే మనం తీసి పక్కన పడేస్తామే, సన్నటి అక్షరాలతో ఎనిమిది మడతలుగా ఉండే కాగితం, అదే. దాన్ని ఎవరో ఒక మనిషి కూర్చుని వాక్యం తర్వాత వాక్యం తెలుగు చేస్తారన్న సంగతి, అక్క ఆ పనిలో చేరేదాకా నాకు తట్టలేదు.

నేను కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తి చేశాను, ఉద్యోగం చెయ్యలేదు. అక్క పనిలో మాత్రం నాకొక వాటా ఉండేది. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసి ఆ రోజు రాసింది చదివి వినిపించేది. ఇంగ్లీషులో ఏముందో చెప్పేది కాదు. నన్ను కుదురుగా కూర్చుని విననిచ్చేదీ కాదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, ఉతికిన బట్టలు మడతపెడుతూనో వినాలి. చేతిలో పని ఆగకుండా అర్థమైతే ఆ వాక్యం ఇళ్లల్లో పనికొస్తుందని అక్క నమ్మకం. పసిపిల్లను ఒళ్లో వేసుకుని ఒక చేత్తో కాగితం పట్టుకున్న తల్లికి రెండోసారి చదివే తీరిక ఉండదు కదా అనేది.

"ఆగావు," అనేది ఉన్నట్టుండి.

"ఆగలేదక్కా."

"కాయ తుంచిన చప్పుడు రాలేదు. ఎక్కడ అడ్డం పడిందో చెప్పు."

అలా ఎన్ని వాక్యాలు విరిచి మళ్లీ కట్టామో లెక్కలేదు. మా బావ నన్ను ఇన్‌స్పెక్టరుగారూ అని పిలవడం అప్పుడే మొదలైంది.

మూడేళ్ల క్రితం అక్క ఆఫీసువాళ్లు పద్ధతి మార్చారు. ఇకమీదట కాగితాన్ని ముందు ఏఐ రాస్తుంది, అక్క సరిచూడాలి. లోకంలో మనుషులు రాసినవన్నీ చదివి, ఒక మాట తర్వాత ఏ మాట రావాలో నేర్చుకుందట అది. మొదటి ఏడాది దాని తెలుగు విని ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. "రోగిని చల్లని, పొడి ప్రదేశంలో భద్రపరచవలెను" అని రాసిందొకసారి. ఇంకోసారి, "పిల్లలను బాగా కుదిపిన తరువాత మూత తీయండి." బావ ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాడు. "మీ ఇద్దరికీ ఒక చిన్న చెల్లెలు పుట్టింది. ఇంకా మాటలు రాలేదు, వస్తాయిలే," అన్నాడు.

రెండో ఏడాది నవ్వడానికి ఏమీ దొరకలేదు. తప్పులు లేవు గానీ, గంజి ఎక్కువైన చీరలా బిర్రుగా ఉండేది ఆ తెలుగు. మూడో ఏడాది ఒక మధ్యాహ్నం అక్క చదువుతోంది, నేను తువ్వాళ్లు మడతపెడుతున్నాను. "మందు చేదుగా ఉంటుంది. తాగించిన వెంటనే ఒక గుక్క నీళ్లు పట్టండి. బిడ్డ కక్కేస్తే కంగారుపడి మళ్లీ పట్టకండి, డాక్టరును అడగండి." నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆఖరి తువ్వాలు కూడా మడిచేశాక, "ఇది బాగా రాశావక్కా," అన్నాను.

"నేను రాయలేదే," అంది అక్క.

ఆ రోజు నాకు కలిగినదాన్ని భయమని అనను. ఏనాడూ ఒక పిల్లను ఒళ్లో పడుకోబెట్టి మందు పట్టనిదానికి, "కంగారుపడి" అన్న మాట అక్కడ పడాలని ఎలా తెలిసిందా అనుకున్నాను. తెలియక్కర్లేదు కాబోలు. ఎందరో తల్లులు ఎక్కడెక్కడో రాసుకున్నదాంట్లో ఆ మాట అక్కడే పడి ఉంటుంది. మా అక్క అన్నేళ్లు రాసినదాంట్లో కూడా. అలా చూస్తే ఆ వాక్యంలో నా చిక్కుడుకాయలకీ ఒక పిసరు వాటా ఉన్నట్టే. మెచ్చుకోవాలో ఉక్రోషపడాలో తెలియక తువ్వాళ్లు తీసుకెళ్లి బీరువాలో పెట్టేశాను.

ఆ తర్వాత మూడింటి ఫోన్లు తగ్గాయి. "చదవడానికి ఏముందే, అది బాగానే రాస్తోంది. చూసి పంపేస్తున్నా," అనేది. నేనూ రెట్టించలేదు.

మొన్నామధ్య అక్కకి కుడికంటికి శుక్లం తీశారు. ఎడమకన్ను అంతకుముందు నుంచే మసక. వారం రోజులు కంప్యూటరు జోలికి పోవద్దన్నాడు డాక్టరు. కానీ వారం పని ఆపితే ఆ ఫైళ్లు వేరేవాళ్లకి వెళ్తాయి. వెళ్లినవి మళ్లీ తిరిగి రావు. అందుకని నన్ను రమ్మంది. నేను చదివితే తను విని చెప్తుంది, నొక్కాల్సినవి నేను నొక్కాలి. మా ఆయనకి చెప్పాల్సినవన్నీ చెప్పి, చెప్పినవే కాగితం మీద కూడా రాసి గోడకి గుచ్చి బయల్దేరాను.

"వచ్చారా ఇన్‌స్పెక్టరుగారూ," అన్నాడు బావ తలుపు తీస్తూ. "మాట వినేవాళ్లు లేరని మీ అక్క బెంగపెట్టుకుంది."

"మీరున్నారు కదా బావగారూ."

"నేను వినే బాపతు కాదమ్మా. ఊకొట్టే బాపతు."

అక్క బల్ల పడగ్గదిలో కిటికీ పక్కన ఉంది. బల్ల మీద కంప్యూటరు, కంటిలో వేసే చుక్కల సీసాలు మూడు, ఏ సీసా ఎప్పుడో బావ రాసిన చీటీ. అక్క కంటిమీద ప్లాస్టిక్ మూతతో, దిండుకు చేరగిలబడి ఉంది.

"ముందు పాతవి నాలుగు తెరిచి చూసుకో. నేనెలా చేస్తానో తెలుస్తుంది. అలాగే చేద్దాం," అంది.

తెరిచాను. తెర మీద రెండు వరసలు. ఎడమవైపు ఏఐ రాసింది, కుడివైపు అక్క ఖాయం చేసింది. అక్క కొట్టేసిన మాటల మీద ఎర్రగీత ఉంటుంది, కొత్తగా పెట్టినవి పచ్చగా ఉంటాయి. పైన మూలగా ఒక గడిలో "మార్పుల శాతం" అని ఉంది. పక్కన పన్నెండు అన్న అంకె. ఇంకో ఫైలు తెరిస్తే అందులోనూ పన్నెండు. మరోదాంట్లో పదకొండు. మళ్లీ పన్నెండు.

"ఈ అంకె ఏంటక్కా?"

"నేను ఎంత మార్చానో చెప్తుంది. ఆరు నెలల క్రితం పెట్టారు."

"అన్నింట్లోనూ ఒకేలా ఉందే."

"ఉండనీవే. పదికంటే తగ్గితే నెల తిరిగేసరికి ఉత్తరం వస్తుంది, ఈ పనికి మీ అవసరం ఉందా అని. మా గుంపులో పన్నెండు మందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు ఐదుగురం."

చదవడం మొదలుపెట్టాను. దాని మాటనీ అక్క మాటనీ పక్కపక్కన పెట్టి చూడటం నాకదే మొదటిసారి. ఒక కాగితంలో "వాడాలి" అని ఉన్నచోటల్లా అక్క "తీసుకోవాలి" అని మార్చింది. తర్వాతి కాగితంలో "తీసుకోవాలి" అని ఉన్నచోటల్లా "వాడాలి" అని మార్చింది. ఒకచోట "వెంటనే" కొట్టేసి "తక్షణం" పెట్టింది. తక్షణం అన్న మాటని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరని, పదేళ్ల క్రితం మేమిద్దరం కలిసి ఆ కాగితాల్లోంచి వెళ్లగొట్టాం. దాన్ని అక్కే మళ్లీ పిలిచి కూర్చోబెట్టింది.

ఎర్రగీత కింద ఉన్నది బాగుంది. పచ్చగా ఉన్నదీ ఫర్వాలేదు. సర్ది ఉన్న గదిలో కుర్చీలని ఆ గోడ దగ్గర్నుంచి ఈ గోడ దగ్గరికి జరుపుతున్న మనిషిని కిటికీలోంచి చూసినట్టనిపించింది. సిగ్గుగా అనిపించి తల తిప్పుకోబోయాను కూడా. కానీ ఎవరికీ నష్టమైతే లేదు కదా అనుకుంటూ నాలుగో ఫైలుకొచ్చాను.

పిల్లల జ్వరం మందు. ఏఐ ఇలా రాసింది: "ఒకసారి మందు ఇచ్చాక ఆరు గంటలు గడిచేవరకు మళ్లీ ఇవ్వకండి. ఇరవై నాలుగు గంటల్లో నాలుగుసార్లకు మించి ఇవ్వకండి." రెండు వాక్యాల మీదా ఎర్రగీత ఉంది. పక్కన పచ్చగా, "రోజుకు నాలుగుసార్లు ఇవ్వండి."

మళ్లీ చదివాను. తొమ్మిది రోజుల క్రితం పంపినట్టు కింద తేదీ ఉంది.

"అక్కా, జ్వరం మందు కాగితం గుర్తుందా? నాలుగుసార్లు అని మార్చావు."

"ఆఁ. రెండు వాక్యాలు ఎందుకు, సాగతీత. ఒక్కదాంట్లో వచ్చేసింది. నన్నడిగితే అది మంచి మార్పే. మిగతావాటి సంగతి నువ్వు చూసే ఉంటావు. నీ దగ్గర దాచేదేముంది."

"ఆరు గంటలు అన్నది పోయింది."

"ఎక్కడికి పోతుందే? ఇరవై నాలుగు గంటలు, నాలుగుసార్లు. భాగిస్తే ఆరు రాదూ? డిగ్రీ చదివావు."

భాగిస్తే ఆరే వస్తుంది. నా మనసులో ఉన్నది ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి అడిగాను.

"నీ పిల్లలకి నాలుగుసార్లు వెయ్యమంటే ఎప్పుడెప్పుడు వేసేదానివక్కా?"

"ఎప్పుడేమిటి, అందరిలాగే. పొద్దున పాలు తాగాక. మధ్యాహ్నం అన్నం తిన్నాక. సాయంత్రం ఆడుకుని వచ్చాక. మళ్లీ..."

వేళ్లు మడిచి లెక్కపెడుతున్న అక్క నాలుగో వేలు దగ్గర ఆగింది.

"మళ్లీ పడుకోబోయే ముందు," అన్నాను. "సాయంత్రం ఆరింటికి వేస్తే మళ్లీ ఎనిమిదిన్నరకి."

అక్క దిండు మీంచి లేచి కూర్చుంది. పిల్లలున్న ఇంట్లో రోజంటే ఇరవై నాలుగు గంటలు కాదు. వాళ్లు మెలకువగా ఉన్నంతసేపే రోజు. నాలుగుసార్లంటే ఆ పద్నాలుగు గంటల్లోనే నాలుగుసార్లు. ఏఐ ఆ సంగతి తెలిసి రాసిందో, తెలియకుండానే రాసిందో నేను చెప్పలేను. రాయడం మాత్రం రాసింది. ఇద్దరు పిల్లల్ని పెంచిన మా అక్క దాన్ని కొట్టేసింది.

"మూడు నాలుగు రోజులు అలా పడితే..." అంది అక్క. పూర్తి చెయ్యలేదు. ఆ మందు మోతాదు మించితే కాలేయానికి ఏమవుతుందో ఆ కాగితంలోనే, మూడో పేజీలో ఉంది. ఆ పేజీ అక్క చదివింది. నేను ఇప్పుడే చదివాను.

"ముద్రణకి పోయి ఉంటుందా?"

"పోయే ఉంటుంది. పదిహేను రోజుల్లో పెట్టెల్లో పెట్టేస్తారు."

"మరి చెప్పాలి."

"చెప్పాలి," అంది, ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా. నాకు ఊపిరాడింది. కానీ అది అక్కడితో తేలిపోయే పని కాదు.

పంపిన ఫైలును మళ్లీ తెరిపించాలంటే ఒక ఫారం నింపాలి. అందులో మొదటి ప్రశ్న, పొరపాటు ఎక్కడ జరిగింది అని. కింద మూడు జవాబులున్నాయి: ఇంగ్లీషు ప్రతిలో, ఏఐ రాతలో, పరిశీలకుల మార్పులో. ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకు పోనివ్వదు. మూడూ చదివి వినిపించాను.

"ఏఐ అని పెట్టు," అంది అక్క.

నా చెయ్యి మౌస్ మీదే ఉంది, కదల్లేదు.

"పెట్టవే. సరైన వాక్యం వెనక్కొస్తుంది, కాగితం బాగుపడుతుంది. కావలసింది అదే కదా. ఎవరి తప్పన్నది ఆ మందు తాగే పిల్లకెందుకు?"

"నీ ఎర్రగీతలు కనిపిస్తాయక్కా."

"ఎవరికి? ఆరు నెలల్లో ఒక్కళ్లు చూళ్లేదు. చూసేవాళ్లుంటే నేనాడిన ఆట ఎప్పుడో పట్టుకునేవాళ్లు." గొంతు తగ్గించింది. "దాని తప్పంటే దానికి పోయేదేముంది? దానికి ఇల్లుందా, పేరుందా? మూడోది నొక్కావనుకో, బాగున్నదాన్ని మనిషి చెడగొట్టిందని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు. నా ఒక్కదానితో పోదు. మిగతా నలుగురికీ అదే చూపిస్తారు."

అది అబద్ధం కాదు. మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

బావ టీ కప్పులతో వచ్చాడు. ఎప్పట్నుంచి వింటున్నాడో తెలియదు. కప్పులు బల్ల మీద పెట్టి అక్క పక్కన మంచం అంచున కూర్చున్నాడు. ఒక ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు బైండింగ్ పని చేసి రిటైరైన మనిషి.

"మా ప్రెస్సుకి మడత మిషన్ వచ్చినప్పుడు నన్ను దాని పక్కన కూర్చోబెట్టారమ్మా," అన్నాడు నాతో. "అది మడిచిన కాగితం నా చేతికొచ్చేది. మడత మీద బొటనవేలితో ఒక నొక్కు నొక్కి పక్కన పెట్టేవాణ్ణి. ఏం అక్కర్లేదు. అది మడిచాక ఇంక నొక్కడానికేం మిగలదు. అయినా ఏడాదిన్నర నొక్కాను."

"ఎప్పుడూ చెప్పలేదే," అంది అక్క.

"ఏమని చెప్పను, రోజంతా నొక్కొచ్చానని చెప్పనా?"

నవ్వించడానికే అన్నాడు గానీ ఎవరికీ నవ్వు రాలేదు. "నా నొక్కువల్ల ఎవరికీ ఏం కాలేదనుకో," అని లేచాడు. "టీ చల్లారిపోతోంది, తాగండి."

అక్క కప్పు అందుకోలేదు. నేను తెరవైపే చూస్తున్నాను. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది.

"అక్కా, మీరు దిద్దినవన్నీ అది చదువుతుందా?"

"చదువుతుందనే చెప్పారు. మా దిద్దుబాట్లన్నీ పోగేసి దానికి మళ్లీ నేర్పుతారట."

"అయితే ఇక్కడ ఏఐ తప్పు అని పెడితే, ఆరు గంటలు ఆగమనడమే తప్పని నేర్చుకుంటుందేమో."

దాని లోపలి సంగతులు నాకు తెలియవు. అది నిజంగా అలాగే నేర్చుకుంటుందో లేదో కూడా తెలియదు. పిల్లలకి నేర్పడం మాత్రం తెలుసు. చెయ్యని తప్పుకి దెబ్బ తిన్న పిల్ల, ఆ దెబ్బ ఎందుకు పడిందో తనలో తనే వెతుక్కుంటుంది. వెతికి వెతికి, సరిగ్గా చేసిన పనినే ఇంకోసారి చెయ్యడం మానేస్తుంది. ఈ కాగితంతో పోయేది కాదు. ఇంకెన్ని సీసాల పక్కన, ఇంకెన్ని భాషల్లో, ఆ ఆరు గంటలు లేకుండా పోతాయో.

అక్క చాలాసేపు మూత ఉన్న కంటివైపు చెయ్యి పెట్టుకుని కూర్చుంది. రుద్దకూడదని చెప్పడానికి నేను లేవబోయాను. రుద్దలేదు, ఊరికే పెట్టుకుంది.

"మూడోది నొక్కు," అంది.

నొక్కాను. కింద కారణం రాయడానికి చోటు తెరుచుకుంది.

"రాసుకో. ఏఐ రాసిన రెండు వాక్యాలూ సరైనవి. వాటిని నేను అవసరం లేకుండా మార్చాను. నా మార్పువల్ల, రెండుసార్ల మందుకీ మధ్య ఉండాల్సిన ఆరు గంటల గడువు పోయింది. ముద్రణ ఆపండి. పాత వాక్యాలు పెట్టండి."

"అవసరం లేకుండా అన్నది ఉంచనా?"

"ఉంచు."

పంపాను. పావుగంట తిరక్కుండా ఫోన్ మోగింది. ఆఫీసు అమ్మాయి. అక్క ఆమెను ఎప్పుడూ చూడలేదు, ఫైళ్లు పంచేది ఆమే. నేను స్పీకరు పెట్టి ఫోన్ అక్క ఒళ్లో ఉంచాను.

"మేడమ్, ముద్రణ అయిపోయింది. కానీ పెట్టెల దగ్గరికి ఇంకా పోలేదు. ఆపించాను. కట్టలన్నీ పక్కన పెట్టించారు."

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. "చల్లటి మాట చెప్పావమ్మా," అంది.

"మీరు చెప్పబట్టే కదా మేడమ్." అటువైపు టైపు చేస్తున్న చప్పుడు. "ఒక్కటి రాసుకోవాలి, ఏమీ అనుకోకండి. మీరు సీనియరు కాబట్టి అడుగుతున్నా. ఆ వాక్యాలు బాగానే ఉన్నాయి కదా, మరెందుకు మార్చారు?"

"మార్చకపోతే నేను చదివినట్టు మీకు తెలిసే దారి లేదమ్మా," అంది అక్క.

టైపు చప్పుడు ఆగింది.

"అలాగే రాయనా మేడమ్?"

"అలాగే రాయి."

"మిగతా నలుగురు మేడమ్‌లవీ చూడాల్సి వస్తుందేమో," అంది ఆ అమ్మాయి మెల్లగా. "నేనైతే ఆ అంకె పెట్టినప్పుడే అనుకున్నా. నన్నెవరూ అడగలేదు."

"ఇప్పుడు అడిగితే చెప్పు," అంది అక్క. "నా ఆరు నెలల ఫైళ్లూ నేనే తిరిగి చూసి ఇస్తాను. అవి ఇంకెవరికీ ఇవ్వకండి. కొత్తవి పంపకపోయినా ఫర్వాలేదు."

కొత్తవి పంపలేదు. ఈ విచారణ తేలేదాకా ఆపుతున్నామని మర్నాడు పొద్దున్నే ఉత్తరం వచ్చింది. తేలాక మళ్లీ పంపుతారని అక్క అనుకోలేదు. నేను అనుకుంటున్నట్టు నటించలేదు.

పాతవాటికి ఆరు రోజులు పట్టింది. నేను రెండు వాక్యాలూ చదివేదాన్ని, ఎర్రదీ పచ్చదీ, ఏది ఎవరిదో చెప్పకుండా, వరస కలిపేసి. అక్క కళ్లు మూసుకుని వినేది. మొదటిది అనేది, లేదా రెండోది అనేది. తను ఎంచుకున్నది దాదాపు ప్రతిసారీ ఏఐదే అయ్యేది. నేను పచ్చ మాటలు తీసేసేదాన్ని. ఎర్రగీత దానంతటదే పోయేది. మధ్యలో బావ వచ్చి చీటీ చూసి సీసా అందించేవాడు, అక్క తల వెనక్కి వాల్చేది, నేను చుక్కలు వేసేదాన్ని. అయిదు నిమిషాలాగి మళ్లీ చదివేదాన్ని. పై మూల అంకె పన్నెండు నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నాకి దిగేది. అది దిగినప్పుడల్లా అక్కకి చెప్పాలా అనుకునేదాన్ని. తను అడగలేదు, నేను చెప్పలేదు. జ్వరం మందులాంటిది మాత్రం ఇంకొకటి దొరకలేదు. దొరుకుతుందేమోనని ఏ ఫైలులోనూ ఒక్క మాట కూడా దాటవెయ్యనిచ్చేది కాదు.

నాలుగో రోజు కీళ్లనొప్పుల మందు కాగితం వచ్చింది. పెద్దవాళ్ల మందు. రెండు వాక్యాలూ చదివాను. "నొప్పి భరించలేనంతగా ఉంటే డాక్టరును కలవండి." "నొప్పివల్ల నిద్ర పట్టకపోయినా, లేచి నడవలేకపోయినా డాక్టరును కలవండి."

"రెండోది," అంది అక్క వెంటనే.

"ఎందుకు?"

"భరించలేనంత అంటే మన అమ్మ ఒప్పుకునేదా? గోడ పట్టుకుని నడుస్తూ కూడా, బాగానే ఉన్నానే అనేది. అలాంటివాళ్లని నిద్ర పడుతోందా అని అడగాలి. అప్పుడు గానీ కదలరు."

"ఇది నీదేనక్కా," అన్నాను.

"తెలుసు," అంది కళ్లు తెరవకుండానే. "ఉంచు. తర్వాతది చదువు."